ఫ్లాట్ అద్దెకు తీసుకునే ముందు ఓనర్ దగ్గర ఏ వివరాలు తీసుకోవాలి, ఎలా అడగాలి?

ఫ్లాట్ చూడ్డానికి వెళ్ళినప్పుడు దాదాపు అందరం ఒకేలా చూస్తాం. కుళాయి తిప్పుతాం, కిటికీ తెరుస్తాం, పడకగదిలో మంచం పడుతుందో లేదో అడుగులు వేసి కొలుచుకుంటాం. అద్దె ఎంత, అడ్వాన్స్ ఎంత అని అడుగుతాం. నచ్చిందంటే ఇక ఆగలేం, ఈలోగా ఇంకెవరైనా ఎగరేసుకుపోతారేమో అన్న టెన్షన్‌తో అప్పుడే డబ్బు పంపించేస్తాం.

అసలు తెలుసుకోవాల్సినవి మాత్రం కంటికి కనిపించేవి కావు. పోయిన వానాకాలం పై అంతస్తు నుంచి నీళ్ళు కారాయా? మెట్ల మీద వెలిగే బల్బుల కరెంటు ఎవరి మీటర్‌లో తిరుగుతోంది? మీరిచ్చిన అడ్వాన్స్ ఎవరి ఖాతాలో ఉంటుంది? అర్ధరాత్రి పైపు పగిలితే ఎవరికి ఫోన్ చేయాలి? ఇవన్నీ ఓనర్‌కు తెలుసు, మీకు తెలియదు. చాలా దేశాల చట్టాలు ఈ తేడాను గుర్తించి, కొన్ని సంగతులు ఓనరే కాగితం మీద చెప్పి తీరాలని రాశాయి. ఏది తప్పనిసరి అన్నది దేశాన్ని బట్టి, ఒక్కోసారి నగరాన్ని బట్టి మారుతుంది. మీరున్న చోట ఏ నియమం ఉన్నా, అసలు లేకపోయినా, అడిగే పద్ధతి మాత్రం ఒకటే. ఆ పద్ధతిని కింద వరుసగా రాస్తున్నాను.

1. డబ్బు ఇవ్వకముందే మెసేజ్ పెట్టండి

అడగాల్సినవన్నీ రాతలో అడగండి. ఫోన్‌లో మాట్లాడుకున్నా, వెంటనే "మీరు ఇప్పుడు చెప్పినవి ఇవి, సరేనా అండీ?" అని ఒక మెసేజ్ పంపండి. నోటిమాటను ఆర్నెల్ల తర్వాత ఇద్దరూ చెరోలా గుర్తుపెట్టుకుంటారు. అందులో ఎవరిదీ మోసం కానక్కర్లేదు, మనుషుల జ్ఞాపకం అంతే.

అడ్వాన్స్ కట్టక ముందు ఉన్న పట్టు కట్టాక ఉండదు. ముందు అడిగితే ఓనర్ ఆ రోజే జవాబిస్తాడు, మీరు చేరాలని ఆయనకూ ఉంటుంది కాబట్టి. డబ్బు చేతిలో పడ్డాక అదే ప్రశ్నకు "చూద్దాం లెండి" అన్న జవాబు వస్తుంది.

మెసేజ్ ఇలా ఉంటే చాలు:

"నమస్కారం అండీ. ఫ్లాట్ మాకు నచ్చింది. అడ్వాన్స్ కట్టే ముందు ఈ వివరాలు పంపగలరా? అగ్రిమెంట్‌లో ఓనర్‌గా ఎవరి పేరు ఉంటుంది, ఆ పేరున ఉత్తరం పంపాలంటే ఏ అడ్రస్? రిపేర్లకు ఎవరికి చెప్పాలి? అద్దె కాకుండా నెలనెలా ఇంకేమేం కట్టాలి, కిందటి ఏడాది అవి ఎంతెంత వచ్చాయి? గడిచిన రెండేళ్ళలో నీళ్ళు కారడం, చెమ్మ, నల్లులు లాంటి సమస్యలు ఏమైనా వచ్చాయా? గ్యాస్, కరెంటు చెక్ చేయించిన కాగితాలు ఉంటే ఫొటో తీసి పంపండి. బిల్డింగ్ రూల్స్ కాపీ కూడా."

ఇంతే. మర్యాద తగ్గదు, ఒక్క ప్రశ్నా వదలదు. అన్నిటికీ జవాబు రాకపోవచ్చు. ఏ ప్రశ్నను దాటేశారో గమనించండి, రెండోసారి ఆ ఒక్కదాన్నే విడిగా అడగండి.

2. ఓనర్ ఎవరో తేల్చుకోండి

ఇది మరీ చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, నాకు తెలిసిన అద్దె గొడవల్లో సగం ఇక్కడే మొదలయ్యాయి. ఇల్లు చూపించింది బ్రోకర్. తాళాలు ఇచ్చింది ఓనర్ తమ్ముడు. అద్దె వెళ్ళేది ఓనర్ భార్య ఖాతాకు. రెండేళ్ళ తర్వాత అడ్వాన్స్ వెనక్కి అడగాల్సి వచ్చినప్పుడు, ఎవరిని అడగాలో ఎవరూ చెప్పరు. "నేను కేవలం తాళాలు ఇచ్చానండీ" అంటాడు తమ్ముడు.

అందుకే మూడు సంగతులు విడివిడిగా రాబట్టండి: సొంతదారు పూర్తి పేరు, ఆయనకు నోటీసు పంపగలిగే అడ్రస్, ఆయన తరఫున పని చూసుకునే మనిషి ఉంటే ఆ మనిషికి ఏ పనుల మీద అధికారం ఉంది.

ఇంగ్లండ్‌లో దీనికి గట్టి చట్టమే ఉంది. 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం ప్రకారం, అద్దెకున్నవాళ్ళు ఓనర్ పేరు, అడ్రస్ రాతపూర్వకంగా అడిగితే అద్దె వసూలు చేసే మనిషి 21 రోజుల్లో ఇవ్వాలి. సరైన కారణం లేకుండా ఇవ్వకపోతే అది నేరం. 1987 చట్టం ఇంకో అడుగు ముందుకు వేసింది. నోటీసులు పంపడానికి ఇంగ్లండ్‌లోనో వేల్స్‌లోనో ఒక అడ్రస్ ఓనర్ ఇవ్వాల్సిందే, ఇచ్చేదాకా అద్దె బాకీ పడినట్టు లెక్కలోకి రాదు. ఇచ్చాక పాత అద్దె మొత్తం కట్టాల్సిందే అనుకోండి. అయినా ఒక్క అడ్రస్‌కు చట్టం ఎంత విలువ ఇచ్చిందో చూడండి.

కెనడాలోని ఒంటారియోలో చాలా రకాల ఇళ్ళకు 2018 ఏప్రిల్ 30 నుంచి ప్రభుత్వం తయారుచేసిన ఒకే నమూనా అగ్రిమెంట్ వాడాలి. అందులో ఓనర్ చట్టబద్ధమైన పేరు, అడ్రస్ రాయడానికి చోటు ఉంటుంది. అద్దెకున్నవాళ్ళు రాతపూర్వకంగా అడిగిన 21 రోజుల్లో ఆ అగ్రిమెంట్ ఇవ్వకపోతే ఒక నెల అద్దె ఆపిపెట్టవచ్చు.

భారతదేశంలో 2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం కూడా మధ్యవర్తి సంగతి పట్టించుకుంది. ఓనర్ ప్రాపర్టీ మేనేజర్‌ను పెట్టుకుంటే, ఆ మనిషి పేరు, ఆయనకు అధికారం ఇచ్చినట్టు రుజువు, ఏయే పనులకు ఎంతకాలం అన్న వివరాలు అద్దెకున్నవాళ్ళకు ఇవ్వాలి. ఇది నమూనా మాత్రమే, ఏదైనా రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అక్కడ అమలవుతుంది. అమల్లో లేని చోట కూడా ఈ వివరాలను అగ్రిమెంట్‌లో ఒక వాక్యంగా రాయించుకోవడానికి అడ్డేమీ లేదు. ఫలానా వ్యక్తికి అద్దె తీసుకునే, రిపేర్లు చేయించే అధికారం ఉంది, అడ్వాన్స్ తిరిగిచ్చే బాధ్యత మాత్రం ఓనర్‌దే అని ఉండాలి.

వీలుంటే ఆస్తి పన్ను రసీదో, కరెంటు బిల్లో ఒకసారి చూపించమనండి. దాని మీద పేరు, అగ్రిమెంట్‌లో పేరు ఒకటే అయితే మంచిది. వేరైతే ఎందుకు వేరో అడగండి. తల్లిదండ్రుల పేరు మీద ఉండిపోయింది అనే జవాబు మామూలే, ఆ మాటే రాసి ఇవ్వమనండి.

3. అడ్వాన్స్ ఎక్కడ ఉంటుంది, ఏ కారణాలకు కోస్తారు?

ఎంత అని మాత్రమే అడిగి వదిలేయకండి. డబ్బు ఎక్కడ ఉంటుంది, ఖాళీ చేశాక ఎన్ని రోజుల్లో వస్తుంది, వేటికి పట్టుకుంటారు అన్నవి కూడా అడగండి.

ఇంగ్లండ్‌లో మామూలు ప్రైవేటు అద్దె ఇళ్ళకు ఓనర్ అడ్వాన్స్ తీసుకున్న 30 రోజుల్లో దాన్ని ప్రభుత్వం గుర్తించిన రక్షణ పథకంలో పెట్టి, ఆ వివరాలు అద్దెకున్నవాళ్ళకు రాతలో ఇవ్వాలి. లేకపోతే అడ్వాన్స్‌కు ఒకటి నుంచి మూడు రెట్ల దాకా చెల్లించమని కోర్టు చెప్పవచ్చు. జర్మనీలో గరిష్ఠంగా మూడు నెలల మూల అద్దె (ఉమ్మడి ఖర్చులు కలపని అద్దె) వరకే తీసుకోవాలి, దాన్ని ఓనర్ తన సొంత డబ్బుతో కలపకుండా విడిగా ఉంచాలి. మూడు వాయిదాల్లో కట్టే హక్కు కూడా ఉంది. భారత నమూనా చట్టంలో నివాస గృహానికి పరిమితి రెండు నెలల అద్దె.

పెయింటింగ్ డబ్బు ముందే అనుకున్న మొత్తమా, అప్పటి ఖర్చా అన్నది రాయించుకోండి. వాడకం వల్ల సహజంగా వచ్చే అరుగుదలకు అడ్వాన్స్ కోయరని ఒక వాక్యం వేయించండి. గోడకు కొట్టిన మేకు గురించి చివరి రోజున జరిగే వాదన ఆ వాక్యంతో సగం తగ్గిపోతుంది.

4. నెలకు చేతి నుంచి వెళ్ళే మొత్తం ఎంత?

అపార్ట్‌మెంట్‌లో అద్దె ఒక భాగమే. మెయింటెనెన్స్, నీళ్ళు, లిఫ్ట్, జనరేటర్, చెత్త, పార్కింగ్, ఉమ్మడి కరెంటు లాంటివి ఒక్కోటీ విడిగా అడగాలి. "అన్నీ కలిపే" అని ఓనర్ అంటే, ఆ అన్నీ అంటే ఏవో పేర్లతో రాయించుకోండి. మెయింటెనెన్స్ పెరిగితే ఆ పెరుగుదల ఎవరిది? బిల్డింగ్‌కు కొత్త రంగులు వేయడానికో, లిఫ్ట్ మార్చడానికో అసోసియేషన్ ఒకేసారి పెద్ద మొత్తం అడిగితే అది ఓనర్ కట్టాలా, మీరా? నా అభిప్రాయం సూటిగా చెప్తాను: బిల్డింగ్ విలువ పెంచే ఖర్చు ఓనర్‌దే. రోజువారీ వాడకం ఖర్చు ఉంటున్నవాళ్ళది. ఈ మాట ముందే రాసుకుంటే తర్వాత మొహమాటం ఉండదు.

ఇక మీటర్ సంగతి. ఇక్కడ కాస్త ఆగుతాను, నేను దెబ్బ తిన్నది ఇక్కడే. ఒకప్పుడు మేం అద్దెకున్న ఫ్లాట్‌లో నెలనెలా కరెంటు బిల్లు ఎందుకో ఎక్కువ వచ్చేది. ఫ్రిజ్ పాతదనుకున్నాం, గీజర్ అనుకున్నాం. ఒకసారి పది రోజులు తాళం వేసి వెళ్ళాం, అయినా బిల్లు పెద్దగా తగ్గలేదు. చివరికి ఒక రాత్రి ఫ్లాట్ మెయిన్ స్విచ్ దించి తలుపు తీసి చూస్తే, మెట్ల మీద లైట్లన్నీ ఆరిపోయి ఉన్నాయి. నాలుగు అంతస్తుల మెట్లదారి మా మీటర్ మీదే వెలుగుతోంది. ఓనర్ మంచివాడే, ఆయనకూ ఆ వైరింగ్ సంగతి తెలియదట. కట్టిన డబ్బు మాత్రం వెనక్కి రాలేదు, ఎంత ఎక్కువ కట్టామో చూపించడానికి మా దగ్గర లెక్క లేదు.

అందుకని తాళాలు తీసుకునే రోజున ఈ పరీక్ష చేయండి. మెట్ల మీద లైట్లు వేయించి, మీ ఫ్లాట్ మెయిన్ స్విచ్ దించండి. దాంతో మెట్ల లైట్లు కూడా ఆరిపోతే అవి మీ మీటర్ మీదే ఉన్నట్టు. ఓనర్‌తో కలిసి కిందికి వెళ్ళి మీ మీటర్ చూడండి. డిజిటల్ మీటర్ మీద ఉండే చిన్న ఎర్ర లైటు కరెంటు వాడుతున్నప్పుడు మిణుకుమిణుకుమని కొట్టుకుంటుంది. మెయిన్ దించాక కూడా అలా కొట్టుకుంటూనే ఉంటే, మీ మీటర్ నుంచి ఇంకేదో నడుస్తోంది. కొన్ని మీటర్లలో వాడకం లేనప్పుడు లైటు ఆగకుండా వెలిగే ఉంటుంది, దానికి కంగారు పడకండి. రెండు మూడు నిమిషాలు నిలబడి చూస్తే తెలిసిపోతుంది. మీటర్ నంబర్, రీడింగ్ కనిపించేలా ఫొటో తీసి అప్పుడే ఓనర్‌కు పంపండి. నీళ్ళకు, గ్యాస్‌కు మీటర్లుంటే వాటికీ ఇదే.

ఉమ్మడి ఖర్చులను పంచే చోట లెక్క చూపించమని అడగండి. జర్మనీలో నెలనెలా అంచనా మీద కట్టించుకున్న ఖర్చులకు, లెక్క సంవత్సరం ముగిసిన 12 నెలల్లోపు ఓనర్ అసలు లెక్క ఇవ్వాలి. తన తప్పు వల్ల ఆ గడువు దాటితే అదనంగా రావాల్సింది అడగడానికి వీల్లేదు. బిల్లులు చూపించమని అడిగే హక్కూ ఉంది. ఫ్రాన్స్‌లో ఇంకో మంచి నియమం ఉంది. ముందున్నవాళ్ళు ఖాళీ చేసి 18 నెలలు దాటకపోతే, వాళ్ళు చివరగా కట్టిన అద్దె ఎంతో అగ్రిమెంట్‌లోనే రాయాలి. మీరున్న చోట అలాంటి నియమం లేకపోయినా, "ఇంతకు ముందున్నవాళ్ళు ఎంత కట్టేవాళ్ళండీ?" అని అడగడం తప్పు కాదు. బేరం అక్కడి నుంచే మొదలవుతుంది.

5. ఆ ఇంటికి ఉన్న జబ్బుల చరిత్ర అడగండి

ఇంటి గోడలు చెప్పని కథను ఓనర్ చెప్పాలి. అమెరికాలో దీనికి బాగా తెలిసిన ఉదాహరణ సీసం పెయింట్. ఇళ్ళకు వాడే రంగుల్లో సీసాన్ని అక్కడ 1978లో నిషేధించారు. అంతకు ముందు కట్టిన ఇళ్ళలో పాత పొరల కింద అది ఇంకా ఉండవచ్చు. పొట్టు రాలి, దుమ్మై, పాకే పిల్లల చేతుల నుంచి నోట్లోకి వెళ్తుంది. పసిపిల్లల మెదడు ఎదుగుదలను అది దెబ్బతీస్తుంది. అందుకే 1992లో వచ్చిన చట్టం ప్రకారం, 1978కి ముందు కట్టిన చాలా ఇళ్ళను అద్దెకిచ్చేటప్పుడు సంతకానికి ముందే సీసం గురించి తనకు తెలిసినదంతా ఓనర్ చెప్పాలి, తన దగ్గరున్న రిపోర్టులు ఇవ్వాలి, ప్రభుత్వం ఆమోదించిన పుస్తకం చేతికివ్వాలి. అపార్ట్‌మెంట్ అయితే మెట్లు, వరండాల లాంటి ఉమ్మడి చోట్ల రిపోర్టులూ అందులోకి వస్తాయి. సంతకాల కాపీని ఓనర్ 3 ఏళ్ళు దాచాలి.

ఇక్కడ ఒక మెలిక ఉంది, దాన్ని గట్టిగా పట్టుకోండి. ఆ చట్టం "తెలిసింది చెప్పు" అంటుంది గానీ "పరీక్ష చేయించు" అనదు. పరీక్షే చేయించని ఓనర్ "నాకేమీ తెలియదు" అని నిజాయితీగానే రాయవచ్చు. ఆ మాటను "ఏమీ లేదు" అని చదువుకుంటే మీరు పొరపడినట్టే. కాబట్టి ప్రశ్నను మార్చి అడగండి. "సమస్య ఏమైనా ఉందా?" అంటే "లేదు" అనేస్తారు. "ఎప్పుడైనా పరీక్ష చేయించారా? ఏ సంవత్సరంలో? రిపోర్టు ఉందా?" అంటే జవాబు తప్పనిసరిగా ఒక వివరంతో వస్తుంది. చెమ్మకైనా ఇంతే: "ఈ గోడకు చివరిసారి రంగు ఎప్పుడు వేయించారు, ఎందుకు ఈ ఒక్క గోడకే?" గదిలో మూడు గోడలు పాతబడి ఒక్కటే మెరుస్తుంటే ఆ గోడకు చెయ్యి ఆనించి చూడండి. కింద, నేలకు దగ్గర్లో. చల్లగా, మెత్తగా తగిలినా, పొక్కులు కనిపించినా అడగాల్సింది ఇంకా ఉంది. ఆ గోడకు అటువైపు బాత్రూం ఉందేమో, పైన ఎవరి బాత్రూం ఉందో కనుక్కోండి.

నల్లుల సంగతి అడగడానికి చాలామంది సిగ్గుపడతారు. అక్కర్లేదు. అపార్ట్‌మెంట్‌లో అవి ఒక ఇంట్లో ఆగవు, గోడల సందుల్లోంచి, వైర్ల గొట్టాల్లోంచి పక్క ఫ్లాట్‌కు పాకుతాయి. న్యూయార్క్ నగరంలో కొత్తగా చేరేవాళ్ళకు ఆ ఫ్లాట్‌లోనూ, ఆ బిల్డింగ్‌లోనూ గడిచిన ఏడాది నల్లులు పడ్డాయా లేదా అన్నది ఓనర్ రాసి ఇవ్వాలి. ఫర్నిచర్‌తో సహా ఇచ్చే ఇల్లయితే పరుపు అంచుల కుట్టు దగ్గర, మంచం మూలల్లో ఫోన్ లైటు వేసి చూడండి. సిరా చుక్కల్లాంటి నల్లటి మరకలు కనిపిస్తే నల్లులు ఉన్నట్టో, ఈమధ్య దాకా ఉన్నట్టో అనుమానించాలి.

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో గత 5 ఏళ్ళలో ఆ ఇంటికి వరద గానీ కార్చిచ్చు గానీ తగిలితే ఓనర్ ముందే చెప్పాలి. మీ దగ్గర ఈ నియమం లేకపోతే, కింది అంతస్తులో ఉండేవాళ్ళను ఒక్క నిమిషం పలకరించండి. పెద్ద వానకు సెల్లార్‌లో నీళ్ళు నిలుస్తాయా, లిఫ్ట్ ఎన్ని రోజులు ఆగిపోతుంది అని. వాళ్ళు చెప్పినంత వివరంగా ఏ ఓనరూ చెప్పడు.

6. నిప్పు అంటుకుంటే ఏం చేయాలో ఎవరు చెప్పారు?

2017 జూన్ 14న లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ అనే 24 అంతస్తుల భవనంలో మంటలు లేచి 72 మంది చనిపోయారు. నాలుగో అంతస్తులో ఒక ఫ్లాట్ వంటగదిలో మొదలైన మంట, భవనం బయట అతికించిన పలకల మీదుగా పైకి పాకింది. ఆ భవనానికి అప్పటిదాకా ఉన్న సూచన, మీ ఫ్లాట్‌లో మంట లేకపోతే లోపలే ఉండండి అని. మొదటి ఫోన్ కాల్ రాత్రి 12:54కి వెళ్ళింది. ఆ సూచనను 2:47కి గానీ వెనక్కి తీసుకోలేదు. దాని నుంచి వచ్చిన మార్పుల్లో భాగంగా, 2023 జనవరి 23 నుంచి ఇంగ్లండ్‌లో ఉమ్మడి మెట్లు, నడవాలున్న నివాస భవనాలన్నిటిలో అగ్నిప్రమాద సూచనలు అందరికీ కనిపించే చోట పెట్టాలి, కొత్తగా చేరినవాళ్ళకు ఇవ్వాలి, కనీసం 12 నెలలకోసారి మళ్ళీ ఇవ్వాలి. మంటను, పొగను ఆపే ఫైర్ డోర్లను తెరిచి పెట్టకూడదని, వాటంతటవే మూసుకునే ఏర్పాటును పాడుచేయకూడదని కూడా చెప్పాలి.

మీరు ఎక్కడున్నా ఓనర్‌ను అడగాల్సినవి ఇవి. మంట వస్తే అందరూ దిగిపోవాలా, లోపలే ఉండమంటారా? అలారం మోగితే ఎవరు స్పందిస్తారు? రెండో మెట్లదారి ఉందా, దానికి తాళం వేస్తారా, తాళం ఎవరి దగ్గర? టెర్రస్ తలుపు రాత్రి తెరిచే ఉంటుందా?

అడిగి ఊరుకోకండి. చేరిన మొదటి వారంలో ఒక సాయంత్రం ఇంట్లో అందరినీ, పెద్దవాళ్ళనూ పిల్లలనూ తీసుకుని, లిఫ్ట్ వాడకుండా ఆ రెండో దారిన కిందికి దిగండి. దారిలో సైకిళ్ళు, పాత సోఫాలు, అట్టపెట్టెలు అడ్డం ఉంటే ఫొటో తీసి ఓనర్‌కూ అసోసియేషన్‌కూ పంపండి. పొగలో కళ్ళు కనపడవు, గోడ తడుముకుంటూ దిగాలి, మోకాలికి తగిలే ఒక్క పెట్టె చాలు. ఈ మాట కాస్త కటువుగా ఉంటుంది గానీ, వదిలేయవద్దని బతిమాలుకుంటున్నాను.

చిన్నపిల్లలుంటే కిటికీల సంగతి కూడా ఇప్పుడే. న్యూయార్క్‌లో మూడు, అంతకు మించి ఫ్లాట్లున్న భవనాల్లో పదేళ్ళు, అంతకంటే తక్కువ వయసు పిల్లలు ఉంటే ఓనర్ కిటికీలకు రక్షణ చట్రాలు బిగించాలి. పిల్లలున్నారా అని ఏటా నోటీసు పంపి అడగాలి కూడా. మీ ఓనర్ అడగకపోతే మీరే చెప్పండి.

7. గ్యాస్, కరెంటు కాగితాలు

ఇది త్వరగా అయిపోయే పని. గొట్టంలో గ్యాస్ వచ్చే ఇల్లయితే చివరి చెక్ తేదీ అడగండి. ఇంగ్లండ్‌లో అది ఏడాదికోసారి జరగాలి, కొత్తగా చేరేవాళ్ళకు రాకముందే కాపీ ఇవ్వాలి, ఉన్నవాళ్ళకు చెక్ జరిగిన 28 రోజుల్లో ఇవ్వాలి. కరెంటు వైరింగ్‌కు కనీసం అయిదేళ్ళకోసారి. అలాంటి కాగితమే లేని చోట, ఎర్త్ ఉందా, లీకేజీ పట్టుకునే బ్రేకర్ బోర్డులో ఉందా అని ఒక ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. బ్రేకర్ మీద ఉండే టెస్ట్ బటన్ నొక్కితే అది వెంటనే దిగిపోవాలి. దిగకపోతే చేరే ముందే మార్పించమనండి.

8. బిల్డింగ్ రూల్స్ సంతకానికి ముందు చదవండి

అపార్ట్‌మెంట్‌లో మీకు ఇద్దరు చెప్పేవాళ్ళుంటారు, ఓనర్, అసోసియేషన్. కుక్కను పెంచుకోవచ్చని ఓనర్ అంటాడు, లిఫ్ట్‌లో కుక్క ఎక్కకూడదని అసోసియేషన్ అంటుంది. న్యూ సౌత్ వేల్స్‌లో ఇలాంటి భవనాల రూల్స్ కాపీ సంతకానికి ముందే ఇవ్వాలన్న నియమం ఉంది. మీరూ అడిగి తీసుకోండి. పెంపుడు జంతువులు, సామాను మార్చుకునే వేళలు, ఇంటి నుంచి చేసే పని, వచ్చేపోయే వాళ్ళ పార్కింగ్, జరిమానాలు ఉంటే ఎంత అన్నవి ముందు చూడండి. మీ పార్కింగ్ స్థలం నంబర్‌ను అగ్రిమెంట్‌లో రాయించండి. "ఎక్కడో ఒకచోట పెట్టుకోవచ్చు" అన్నది పార్కింగ్ ఇచ్చినట్టు లెక్క కాదు.

రిపేర్ల పంపకం కూడా ఇక్కడే తేల్చండి. భారత నమూనా చట్టం చివర జత చేసిన పట్టిక ఇందుకు బాగా పనికొస్తుంది. భవన నిర్మాణ రిపేర్లు, గోడల సున్నం, తలుపుల రంగు, అవసరమైనప్పుడు పైపులు, వైరింగ్ మార్చడం ఓనర్ వంతు. కుళాయి వాషర్లు, స్విచ్చులు, గీజర్ రిపేర్లు, కిటికీ అద్దాలు అద్దెకున్నవాళ్ళ వంతు. గీజర్ కాలిపోయి కొత్తది కొనాల్సి వస్తే ఎవరు కొనాలి అన్నది మీరిద్దరూ మాట్లాడుకుని ఒక వాక్యం రాసుకోండి.

9. తాళాలు తీసుకునే రోజు

గది గదికీ వీడియో తీయండి. తలుపు దగ్గర మొదలుపెట్టి, నెమ్మదిగా, ఏది ఎక్కడుందో నోటితో చెప్తూ. వాష్ బేసిన్ కింద, కిటికీ పట్టాల్లో, బీరువాల వెనక కూడా చూపించండి. పగుళ్ళు, మరకలు, విరిగిన గొళ్ళేలు ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం చేయండి. ఎన్ని తాళం చెవులు ఇచ్చారు, ఇంకెవరి దగ్గర ఉన్నాయి అని అడిగి అదీ రాయండి. ఇంకొకరి దగ్గర చెవి ఉంటే, ఎప్పుడు లోపలికి రావచ్చో మాట అవసరం. భారత నమూనా చట్టంలో ఓనర్ రావాలంటే 24 గంటల ముందు రాతలోనో ఫోన్ మెసేజ్ లాంటి రూపంలోనో చెప్పాలని ఉంది. నీళ్ళు పొంగిపోవడం లాంటి అత్యవసరం వేరు.

ఇవన్నీ, మొదటి మెసేజ్‌తో సహా, ఒకే ఫోల్డర్‌లో పెట్టి మీకు మీరే ఈమెయిల్ చేసుకోండి. ఫోన్ పోయినా మిగులుతాయి.

10. ఉన్నన్నాళ్ళూ, ఖాళీ చేసేటప్పుడు

వివరాలు ఒకసారి ఇచ్చి ఊరుకునేవి కావు. అద్దె పెంచాలన్నా, ఇల్లు అమ్మినా, పని చూసే మనిషి మారినా మీకు రాతలో తెలియాలి. కొత్త ఓనర్‌నంటూ ఎవరో ఫోన్ చేసి అద్దె తన ఖాతాకు పంపమంటే, పాత ఓనర్ నుంచి రాతలో మాట వచ్చేదాకా పంపకండి. అడ్వాన్స్ కొత్త ఓనర్‌కు బదిలీ అయిందా అని ఆ రోజే ఇద్దరినీ అడగండి.

వెళ్ళేటప్పుడు సమాచారం ఇవ్వాల్సింది మీరు. టెక్సాస్‌లో అడ్వాన్స్ తిరిగి రావాలంటే కొత్త అడ్రస్‌ను రాతలో ఇవ్వాలి, ఇచ్చేదాకా ఆ డబ్బు పంపే బాధ్యత ఓనర్ మీద పడదు. ఎక్కడైనా అలాగే చేయండి. ఖాళీ చేసే తేదీ, కొత్త అడ్రస్, డబ్బు వేయాల్సిన ఖాతా, అప్పగించిన తాళం చెవుల లెక్క, చివరి మీటర్ రీడింగ్ ఫొటో అన్నీ ఒకే మెసేజ్‌లో పంపండి. చేరిన రోజు తీసిన మీటర్ ఫొటో కూడా దాని పక్కనే పెట్టండి.